గడువు మొదలైన రోజు

మార్చి పదకొండు. ఆ రోజు పొద్దున వాళ్ళు తిన్నది కాల్చిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు. ఆమె పచ్చసొన తినేది కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె గుడ్డులోని పచ్చసొన అతని పళ్ళెంలోకి, అతని గుడ్డులోని తెల్లసొన ఆమె పళ్ళెంలోకి, ఎవరూ ఎవరినీ అడగకుండానే మారిపోతూ ఉండేవి. ఆ పొద్దునా మారాయి. "సాయంత్రం నిమ్మకాయలు తెస్తారా?" అని అడిగి డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నం ఆసుపత్రి రెండో అంతస్తు మెట్ల మీద, చేతిలో రోగుల చార్టులతో కూలిపోయింది. తలలో ఏదో నరం చిట్లిందన్నారు. ఆమె పనిచేసే చోటే, ఆమెను పేరుపెట్టి పిలిచే మనుషుల చేతుల్లోనే పోయింది. పరాయి చేతుల్లో పోలేదు కదా అనుకుంటూ, ఆ ఒక్క ఊరటనూ పట్టుకుని అతను ఆ నెలంతా గడిపాడు.

అతనిది కళ్ళద్దాల దుకాణంలో పని. అద్దాలు అరగదీసి, ఫ్రేములకు సరిపోయేలా చెక్కి బిగించడం. వీధిలో అందరూ కళ్ళజోళ్ళాయన అంటారు. చదివింది భౌతికశాస్త్రం, డిగ్రీ. ఈ దేశానికి వాళ్ళు వచ్చింది మాత్రం అతని చదువు మీద కాదు, ఆమె నర్సు ఉద్యోగం మీద. ఆసుపత్రి ఆమెకు స్పాన్సరు. కాగితాల్లో ఆమె ప్రిన్సిపల్ అప్లికెంటు, అతనూ కూతురూ డిపెండెంట్లు. వచ్చేటప్పుడు విమానంలో "అయితే నేను నీ లగేజీనన్నమాట" అన్నాడు. "క్యాబిన్ లగేజీ. కింద పడేయను, నెత్తిమీద పెట్టుకుంటాను" అంది.

ఇప్పుడు మోసే మనిషి లేదు. లగేజీ ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. అడగాలని అతనికీ తోచలేదు.

వారం తిరక్కుండానే పెద్ద సిస్టరు ఇంటికొచ్చింది. వార్డుకు ఇన్‌చార్జి. బయటి దేశాల నుంచి వచ్చిన నర్సుల కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. పెద్ద సిస్టరు అడుగుల చప్పుడు వినిపిస్తే మూలిగే రోగులు కూడా మూలగడం ఆపేస్తారని భార్య నవ్వుతూ చెప్పేది. అలాంటి మనిషి ఆ రోజు కుర్చీ అంచు మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా చేతుల్లోనే చల్లార్చుకుంది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట. మీ ఆవిడ ఉద్యోగం ముగిసిందని ఆసుపత్రి తరఫున ఇమిగ్రేషన్ వాళ్ళకి నోటీసు పంపాలి. పంపితే అక్కణ్ణుంచి మీకు రెండు నెలలే గడువు. ఆలోగా ఇంకో వీసాకి మారాలి, లేదా సర్దుకుని వెళ్ళిపోవాలి. పిల్లకి స్కూలు ఆఖరి ఏడాది కదా?"

"జూన్ తర్వాత మొదలవుతుందండీ."

"ఆ నోటీసు పంపాల్సింది నేనే. ఇప్పుడప్పుడే పంపను. అడుగున పడేస్తాను. మనిషికి ఏడవడానికైనా వ్యవధి ఉండాలి కదండీ."

అతను లేచి ఆమె చేతిలోని చల్లారిన టీ తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చిచ్చాడు. తన కృతజ్ఞత చెప్పుకోవడానికి ఆ పూట అతని దగ్గరున్న మాట అదొక్కటే.

ఆ తర్వాత ఆర్నెల్లు అతను నిబ్బరంగానే తిరిగాడు. నోటీసు వెళ్ళలేదు కాబట్టి గడువు మొదలవలేదని అనుకున్నాడు. ఎప్పుడైనా మనసు పీకితే పాస్‌పోర్టు తీసి చూసుకునేవాడు. వీసా స్టిక్కరు మీద వచ్చే ఏడాది చివరిదాకా తేదీ ఉంది. ఇంకేం కావాలి? పొద్దున కూతురికి రొట్టె కాల్చేవాడు, పగలంతా అద్దాలు అరగదీసేవాడు, సాయంత్రం దారిలో ఎదురయ్యే పోలీసాయనకు నమస్కారం పెట్టి మరీ ఇంటికొచ్చేవాడు.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. పరీక్షలకు పేరు నమోదు చేయాలంటే ఈ దేశంలో ఉండే హక్కు తాలూకు రుజువు కావాలని స్కూలువాళ్ళు అడిగారు. ఆ సంగతి పిచ్చుక ముందు చెప్పింది నాన్నతో కాదు, పిన్నితో. పిన్ని అంటే అతని మరదలు, భార్యకు స్వయానా చెల్లెలు. సిటీ బస్సు నడుపుతుంది. అందరికంటే ముందొచ్చి, శాశ్వత నివాసం కూడా తెచ్చుకుని స్థిరపడిన మనిషి. విన్న మర్నాడే బావను రెక్క పట్టుకుని లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

లాయరమ్మ ఆఫీసు ఒక లాండ్రీ మీది గది. కింద యంత్రాలు తిరుగుతుంటే పైన నేల సన్నగా అదురుతూ ఉంటుంది.

"స్టిక్కరు మీద ఇంకా ఏడాది పైనే ఉంది మేడమ్" అన్నాడు అతను, పాస్‌పోర్టు తెరిచి ఆమె ముందు పెడుతూ.

"అది వీసా. వీసా ఉంటే సరిహద్దు దగ్గరికొచ్చి లోపలికి రానివ్వమని అడగొచ్చు. వచ్చాక ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి వేరు. దాన్ని స్టేటస్ అంటాం. స్టిక్కరు మీద తేదీ మిగిలుండగానే స్టేటస్ పోవచ్చు. చాలామంది పొరపడేది ఇక్కడే."

"మా బస్సులోనూ అంతే" అంది మరదలు. "నెల పాసు ఉంది కదా అని రాత్రి డిపోలో దుప్పటి పరుస్తానంటే ఊరుకుంటామా బావా?"

లాయరమ్మ నవ్వింది. నవ్వుతూనే కలం తీసుకుంది. "ఆవిడ ఎప్పుడు పోయారు?"

"మార్చి పదకొండు."

"ఆసుపత్రి నోటీసు?"

"ఇంకా పంపలేదండీ. అందుకని మా గడువు ఇంకా..."

లాయరమ్మ కలం పక్కన పెట్టేసింది. అద్దాల దుకాణంలో ఏళ్ళ తరబడి మనుషుల మొహాలు దగ్గర్నుంచి చూసినవాడు కాబట్టి, అవతలి మనిషికి తన సంగతి స్పష్టంగా కనబడిపోయిందని అతనికి అర్థమైంది.

"అలాగని ఎవరు చెప్పారు మీకు?"

అతను నీళ్ళు నమిలాడు.

"ఉద్యోగం మానేసినా, తీసేసినా నోటీసు నుంచి లెక్క. మనిషి పోతే, పోయిన రోజు నుంచే లెక్క. నోటీసు వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే. మీ గడువు మే నెలలోనే అయిపోయింది. అప్పట్నుంచీ మీది ఓవర్‌స్టే, అంటే గడువు దాటి ఉండిపోవడం."

కింద ఏదో యంత్రం బట్టలు పిండే వేగం అందుకుంది. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు గడగడలాడింది. అతనికి ముందు భయం వేయలేదు, సిగ్గేసింది. పోలీసాయనకు పెట్టిన నమస్కారాలన్నీ గుర్తొచ్చాయి.

"పిల్ల సంగతి?" మరదలు గొంతులో ఎకసెక్కం పోయింది.

"మైనరు కాబట్టి ఓవర్‌స్టే ఆ అమ్మాయి లెక్కలోకి రాదు. పిన్నిగా మీరు గార్డియన్‌గా నిలబడితే స్టూడెంట్ స్టేటస్‌కి మార్చమని అడుగుదాం, ఇస్తారు. చిక్కంతా ఈయనతోనే. అసాధారణ పరిస్థితి అని రుజువు చేస్తే దరఖాస్తు ఆలస్యమైనా తీసుకునే వీలుంది. అంటే, మిమ్మల్ని స్పాన్సరే తప్పుదారి పట్టించారని చూపించాలి. ఆ మాట చెప్పిన మనిషి రాసివ్వాలి. రాసివ్వకపోతే మీరు పేరు చెప్పండి, ఇమిగ్రేషన్ వాళ్ళే వెళ్ళి అడుగుతారు."

"అప్పుడు ఆ మనిషికి ఏమవుతుందండీ?"

"నోటీసు తెలిసి ఆపడం చిన్న తప్పు కాదు. ఉద్యోగం ఉండదు."

"చెప్పకపోతే?"

"మీ అంతట మీరు వెళ్ళిపోవాలి. దాన్ని స్వచ్ఛంద నిష్క్రమణ అంటారు. డిపోర్టేషన్ ముద్ర పడదు, అంతవరకూ నయం. కానీ మళ్ళీ వీసా అడగడానికి మూడేళ్ళు ఆగాలి."

పిచ్చుకకు పదిహేడు. మూడేళ్ళంటే ఆ పిల్ల పిల్లగా ఉన్న మిగిలిన కాలమంతా.

ఆ సాయంత్రం మరదలి బస్సు చివరి స్టాపులో ఆగి ఉన్నప్పుడు అతను ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంకెవరూ లేరు.

"పేరు చెప్పడానికి నీకేం నొప్పి బావా? ఆవిడేమన్నా నీకు మేనత్తా?"

"దయతో చేసింది."

"దయతోనే గోతిలో దింపింది."

"ఆవిడకీ తెలియదు, గొయ్యి ఉందని."

"ఏళ్ళ తరబడి ఆ కాగితాలే చూస్తోంది, తెలియదా! అక్క ఉంటే ఈపాటికి వార్డుకెళ్ళి కడిగి ఆరేసేది."

"మీ అక్క ఉంటే ఈ గొడవే లేదుగా."

మరదలు గుడ్డ తీసి, మరక లేని ముందు అద్దాన్ని తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే, అతని వైపు తిరక్కుండా అంది. "నేను దాన్ని నా పిల్లలా చూసుకుంటాను, అది వేరే సంగతి. కానీ వచ్చీపోయే ఉద్యోగం నాది. పొద్దున లేస్తే దానికి కనబడే మొహం ఒకటి ఉండాలి కదా. తల్లి ఎలాగూ పోయింది. నువ్వు కూడా పోతానంటే ఎట్లా?"

"రాసిస్తారేమో ఒకసారి వెళ్ళి అడుగుతాను."

"అడుగు. గట్టిగా అడుగు. నీళ్ళు నమలకు."

గట్టిగా అడగాలనే వెళ్ళాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. రెండో అంతస్తు మెట్లెక్కాల్సి వస్తుందని మాత్రం అక్కడికి వెళ్ళాకగానీ గుర్తు రాలేదు. ఆ మెట్ల వైపు వెళ్ళలేక లిఫ్టు దగ్గర నిలబడిపోతే, బట్టల బండి తోసే ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "రండి, చోటుంది" అని బండి పక్కకి జరిపింది. ఎందుకు నిలబడ్డాడో అడగలేదు.

పెద్ద సిస్టరు మందుల గదిలో ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతుంటే మాటిమాటికీ మణికట్టుతో పైకి తోసుకుంటూ సీసాలు లెక్క చూస్తోంది. అతన్ని చూడగానే మొహం విచ్చుకుంది.

"రండన్నయ్యగారూ! పిల్ల ఎలా ఉంది? తింటోందా?"

"తింటోందండీ."

"నేనే వద్దామనుకుంటున్నాను. మా తమ్ముణ్ణీ, వాడి పెళ్ళాన్నీ తెచ్చుకున్నాను కదా, నా డిపెండెంట్లుగా. తమ్ముడికి కాళ్ళు స్వాధీనంలో లేవులెండి, అందుకని ప్రత్యేకంగా ఇచ్చారు. వాళ్ళని డాక్టర్ల దగ్గరికి తిప్పడంతోనే సరిపోతోంది."

అతను కూడబలుక్కున్న మాటలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈవిడ మెడకూ అదే తాడు. ఈవిడ ఉద్యోగం మీదే ఇంకో ఇల్లు వేలాడుతోంది. ఇక్కడ ముడి విప్పితే అక్కడ ఇద్దరు జారిపడతారు.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

"ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వండి" అన్నాడు. చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. వదులైన మరలు రెండూ బిగించి, చెవి దగ్గర వంపు సరిచేసి ఇచ్చాడు. ఆమె పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి నవ్వింది.

"సిస్టరుగారూ, ఆ నోటీసు పంపించేయండి."

నవ్వు ఆగిపోయింది. "ఏమన్నా ఇబ్బంది వచ్చిందా?"

"మేం వేరే ఏర్పాటు చేసుకుంటున్నాం. ఇక ఆపక్కర్లేదు. పోయిన తేదీ ఉన్నదున్నట్టు వేసి, ఈ రోజే పంపించేయండి."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఏమర్థమైందో, ఏమర్థం కాలేదో. "సరే అన్నయ్యగారూ" అంది చివరికి, వార్డులో ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో.

పిచ్చుకకు అతను ఏదీ దాచకుండా చెప్పాడు. చెప్పినంతసేపూ ఆ పిల్ల బల్ల మీద పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"అంటే, ఆవిడ పేరు చెబితే నువ్వు ఇక్కడే ఉండొచ్చు."

"ఉండొచ్చేమో. ఖాయం అని లాయరమ్మ కూడా అనలేదు."

"కానీ చెప్పవు."

"చెప్పలేనమ్మా."

"ఆవిడ నాకంటే ఎక్కువా నీకు?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది.  పిచ్చుక లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి పళ్ళెం ముందుకు రాలేదు. మర్నాటి నుంచి అవసరమైన మాటలు మాత్రమే మాట్లాడింది. సబ్బు అయిపోయింది, గొడుగు ఎక్కడుంది, అలాంటివి. మరదలికి సంగతి తెలిసి ఫోన్లో అరిచింది. "మహానుభావుడివి బావా! నీకు గుడి కడతాం, అందులో కూర్చోబెట్టి తాళం వేస్తాం!" అని పెట్టేసింది. కాసేపాగి మళ్ళీ చేసి, "గార్డియన్ కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు" అంది.

లాయరమ్మ ఇద్దరి దరఖాస్తులూ పెట్టాక, ఇమిగ్రేషన్ వాళ్ళు ముందు వేలిముద్రల కోసం పిలిచారు. బయోమెట్రిక్స్ అంటారు. ఏళ్ళ తరబడి అద్దాలు రుద్దీ రుద్దీ అతని వేళ్ళ కొసలు నున్నగా అయిపోయాయి. యంత్రం మళ్ళీ మళ్ళీ ఎర్రదీపం వెలిగించింది. వెనక వరుసలో విసుగు మొదలైంది. అక్కడ పనిచేసే ఆయన మాత్రం విసుక్కోలేదు. తడిగుడ్డ తెచ్చి, అతని వేళ్ళు ఒక్కొక్కటే తుడిచి, తన అరచేతుల మధ్య పెట్టి కాస్త వెచ్చబరిచి, "ఇప్పుడు నొక్కండి" అన్నాడు. మార్చి తర్వాత అతని చేతులు పట్టుకున్న మొదటి మనిషి ఆయనే.

ఇంటర్వ్యూ గదిలో ఆఫీసరు అతని వయసువాడే. పక్కన లాయరమ్మ కూర్చుంది. ఆఫీసరు కళ్ళజోడు ఎడమవైపు వాలి ఉంది, ముక్కు పక్కన ఒత్తుకుని ఎర్రటి గుంట పడింది. అర నిమిషం పని. చెబితే లంచం అనుకుంటాడేమోనని అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు.

"మీ భార్య చనిపోయాక రెండు నెలల్లోగా దరఖాస్తు చేయలేదు. ఎందుకని?"

"గడువు ఇంకా మొదలు కాలేదనుకున్నాను."

"ఎందుకలా అనుకున్నారు?"

"నోటీసు నుంచి లెక్క అనుకున్నాను. పోయిన రోజు నుంచని నాకు తెలియదు."

"ఆసుపత్రి నోటీసు మొన్న మొన్ననే వచ్చింది. ఇంత ఆలస్యం ఎందుకైందో మీకు తెలుసా? అక్కడ మీకు ఎవరైనా ఏమైనా చెప్పారా?"

లాయరమ్మ అతని వైపు చూడలేదు. ఆమె చేతిలోని కలం మాత్రం కదలడం ఆగింది. గది బయట బెంచీ మీద పిచ్చుక ఉంది. మధ్యలో ఉన్నది సన్నటి గోడ. పేరు నోటి దాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. ఒక్క పేరు. చెబితే బయటికెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని, పద ఇంటికెళ్దాం అనొచ్చు.

"తెలుసుకోవాల్సింది నేను. చదువుకున్నవాణ్ణి. వచ్చి అడిగితే మీరే చెప్పేవాళ్ళు. నేను అడగలేదు. దానికి ఇంకొకరి పేరు చెప్పలేను."

ఆఫీసరు వాలిన అద్దాల్లోంచి అతన్ని కాసేపు చూశాడు. "చెప్పను అంటున్నారా, చెప్పడానికి ఏమీ లేదంటున్నారా?"

"చెప్పను అంటున్నానండీ."

ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. తర్వాత తెలిసింది, రాసుకున్నది 'పొరపాటు పడినట్టు అంగీకరించాడు' అని మాత్రమేనని. సహకరించలేదని రాసి ఉంటే మూడేళ్ళు అయిదయ్యేవట. లాయరమ్మ మెట్లు దిగుతూ చెప్పింది. "మీకు తెలియదు, ఆయన మిమ్మల్ని ఒడ్డు దగ్గర్లో దించాడు."

పిచ్చుకకు స్టూడెంట్ స్టేటస్ ఇచ్చారు. గార్డియన్, పిన్ని. అతనికి నెలాఖరులోగా స్వచ్ఛంద నిష్క్రమణ.

ఇల్లు ఖాళీ చేసి, పిచ్చుక మంచం, పుస్తకాలు, భార్య కుట్టు డబ్బా మరదలింటికి చేర్చారు. మరదలు తన సామాన్ల గది ఖాళీ చేసి పిల్లకిచ్చింది. కిటికీకి కొత్త తెర కూడా వేసింది. వేసేటప్పుడు స్టూలు మీంచి జారి, "ఇంత పెద్ద బస్సు నడుపుతాను, ఇంత చిన్న స్టూలు ఎక్కలేను" అని తనను తానే తిట్టుకుంటే, చాలా రోజుల తర్వాత పిచ్చుక ఫక్కున నవ్వింది. అతను వంటగదిలోంచి ఆ నవ్వు విన్నాడు. దాన్నొక్కదాన్నే వెంట తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తాడు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ముగ్గురూ కలిసి తిన్నారు.  దుకాణం యజమాని కానుకిచ్చిన పనిముట్ల పెట్టె చూసి, "అక్కడా ఎవరి ముక్కు దొరికితే వాళ్ళ ముక్కు పట్టుకుంటావన్నమాట" అంది మరదలు. అతను నవ్వాడు. చీకటి పడ్డాక మరదలు పొద్దుటి డ్యూటీకి త్వరగా లేవాలని పడుకుంది. అతను పిచ్చుక గదిలోకి వెళ్ళాడు. ఆ పిల్ల పరీక్ష పుస్తకం గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకుంది.

"రోజూ ఫోన్ చేస్తావా?"

"చేస్తాను."

"నేను తీయకపోతే?"

"మళ్ళీ చేస్తాను."

కాసేపు పుస్తకం కాగితాలు బొటనవేలితో తిరగేసింది. "నాన్నా, పేరు చెప్పి ఉంటే ఉండేవాడివా?"

"ఉండేవాణ్ణేమో."

"నాకు నీ మీద కోపం పోలేదు."

"పోవాలని నేనేం అనడం లేదు."

"అమ్మైతే ఏం చేసేది?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ముందు నన్ను తిట్టేది. తర్వాత ఏం చేసేదో నాకూ తెలియదు తల్లీ."

పిచ్చుక పక్కకు తిరిగి పడుకుంది. అటు తిరిగినా, చెయ్యి మాత్రం వెనక్కి చాపి అతని చొక్కా అంచు పట్టుకుంది. అతను మంచం పట్టె మీద కదలకుండా కూర్చున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. ఊపిరి నెమ్మదించి, వేళ్ళు వాటంతటవే వదులయ్యాక, పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. దుప్పటి భుజం దాకా లాగాడు. దీపం ఆర్పాడు. బయటికొచ్చి, గడియ చప్పుడు కాకుండా పిడిని చేత్తో తిప్పి పట్టుకుని, మెల్లగా తలుపు మూశాడు.